ఆగిపోయిన రంగులరాట్నం

తెలుగు నేలపై వినోదం రెండు దారుల్లో ప్రజల దగ్గరకు వచ్చింది. ఒకటి నగరాల దారి. అక్కడ గోడ కట్టి, ద్వారం పెట్టి, చీటీ అమ్మి, ఏడాది పొడుగునా నడిపే పార్కులు ఉంటాయి. రెండవది మా అడవి ప్రాంతపు దారి. ఇక్కడ రంగులరాట్నం లారీ ఎక్కి వస్తుంది. జాతర జరిగినన్ని రోజులు తిరుగుతుంది, ఆ తర్వాత విప్పి కట్టుకొని మరో ఊరికి వెళ్ళిపోతుంది. నగరంలో పార్కు మూతపడితే ఒక తరం బాధపడుతుంది. మా దగ్గర రాట్నం ఏటా ఆగిపోతూనే ఉంటుంది. అయినా మరుసటి ఏడు మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఉంటుంది కనుక పిల్లలు ఏడ్చి ఊరుకుంటారు.

జైనూర్ నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మా పిల్లల్లో అలను కళ్ళారా చూసినవారు తక్కువ. అయినా చదువుకోసమో, కొలువుకోసమో, బంధువుల పెళ్ళికోసమో విశాఖకు, హైదరాబాదుకు, ముంబయికి వెళ్ళి వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. అలాంటి ఇళ్ళలోని పాత ఆల్బములు తెరిస్తే పెద్ద చక్రం ముందు బిడియంగా నిలబడిన తండ్రి, ఓణీ సర్దుకుంటున్న తల్లి, పీచుమిఠాయి మూతికి పూసుకున్న పిల్లవాడు కనిపిస్తారు. “ఆ పార్కు ఇప్పుడు లేదట” అని ఎవరో అంటారు. కొంతసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనంలో దాగి ఉన్నదేమిటి? పోయిన ఆటవస్తువుల కోసం పెద్దవారు ఎందుకు బెంగపడతారు? విశ్వాసి ఇంట్లో ఆ బెంగకు తావుందా? ఈ నెల ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

తుఫాను తాకిన తోట

తెలుగువారికి సముద్రతీర విహారం అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది విశాఖపట్నం. అక్కడి బీచ్ రోడ్డులోని వుడా పార్కును ఎరుగని విశాఖ కుటుంబం ఉండదు. చెట్ల నీడ, పచ్చిక, పిల్లలు పడుతూ లేస్తూ చక్రాల బూట్లతో తిరిగే స్కేటింగ్ రింకు, రోడ్డు దాటగానే సముద్రం. పెద్ద ఖర్చు లేకుండా ఒక సాయంకాలం గడిపి రాగల చోటు అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకింది. గంటకు 170 కిలోమీటర్లకు మించిన వేగంతో వీచిన గాలులకు నగరంలోని వృక్షసంపద చాలావరకు నేలకొరిగింది. ఆ పార్కు కూడా దెబ్బతిని చాలా కాలం వెలవెలబోయింది. కొన్నేళ్ళ తర్వాత దానిని తిరిగి తీర్చిదిద్దారు. అయితే పాత చెట్ల కింద ఆడుకున్నవారికి కొత్త తోట కొత్తగానే కనిపిస్తుంది. వారు వెదుకుతున్న నీడ అక్కడ లేదు.

ఈ తుఫానుకు ఆ పేరు సూచించిన దేశం ఒమన్. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ. దివ్య ఖుర్‌ఆన్‌లోని నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలై) కొలువులో సబా రాజ్యపు వార్తను మోసుకొచ్చిన పక్షి అదే. ఆ తుఫాను కూడా విశాఖకు ఒక వార్తను తెచ్చింది. మనిషి నాటిన తోట ఎంత పచ్చగా ఉన్నా ఒక్క పూటలో నేలమట్టం కాగలదు. విశ్వాసికి ఈ వార్త కొత్తది కాదు. ఇహలోకపు శోభ వాన కురిసినప్పుడు పచ్చబడి, ఆపై పసుపుబారి, చివరికి పొట్టుగా మారే పైరు వంటిదని మన గ్రంథం పదేపదే గుర్తు చేస్తూనే ఉంది. తెలిసిన విషయమే అయినా, తాను ఆడుకున్న చెట్టు కూలితే మనసు నొచ్చుకుంటుంది. అలా నొచ్చుకోవడం విశ్వాసలోపం కాదు. తన తోటను పోగొట్టుకున్న మనిషి దుఃఖాన్ని మన ధర్మం ఎన్నడూ ఎగతాళి చేయలేదు.

నుమాయిష్ నేర్పిన పాఠం

తెలంగాణ ముస్లిం కుటుంబాలకు వినోదస్థలం అనగానే మనసులో మెదిలే మాట నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘానికి చెందినవారు హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్స్‌లో దీనిని ప్రారంభించారు. స్థానిక పరిశ్రమల వస్తువులను ప్రజలకు చూపించడం వారి ఉద్దేశం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనాకాలం అది. కొన్ని పదుల దుకాణాలతో మొదలైన ఆ ప్రదర్శన, చోటు చాలక, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఆ తర్వాత దేశ విభజన, హైదరాబాదు సంస్థానపు సంక్షోభం వచ్చిపడ్డాయి. 1947, 1948 సంవత్సరాలలో నుమాయిష్ జరగలేదు. 1949లో దీపాలు మళ్ళీ వెలిగాయి.

ఆ రెండేళ్ళను తలచుకుంటే ఒక సంగతి బోధపడుతుంది. సమాజంలో మనిషికి మనిషిపై నమ్మకం సడలిన కాలంలో మొదట మూతపడేది మేళా మైదానమే. తిరిగి నమ్మకం కుదుటపడిందనడానికి తొలి గుర్తుగా తెరుచుకునేదీ అదే. గాజులు కొనడానికి వచ్చిన ఇల్లాలు తన పక్కన నిలబడింది ఎవరో అడగదు. రాట్నంలో ఒకే తొట్టిలో కూర్చున్న ఇద్దరు పిల్లలు పేర్లు చెప్పుకోకముందే కలిసి కేకలు వేస్తారు. ఇంత సులువైన కలయిక మరెక్కడా దొరకదు.

నుమాయిష్‌లో మన ఇళ్ళకు తెలిసిన విశేషాలు మరికొన్ని ఉన్నాయి. స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక రోజును కేటాయించే సంప్రదాయం అక్కడ చాలా కాలంగా ఉంది. పర్దా పాటించే తల్లులు, అమ్మమ్మలు ఆ రోజున కూతుళ్ళతో, మనుమరాళ్ళతో నిశ్చింతగా తిరిగేవారు. కశ్మీరీ వర్తకుల శాలువాల దుకాణాలను చూడటానికే వెళ్ళేవారు కొందరు. ఇక ఆ ప్రదర్శన ద్వారా వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ ఎన్నో విద్యాసంస్థలను నడుపుతోంది. వాటిలో ఆడపిల్లల కళాశాలలూ ఉన్నాయి. ఒక పిల్లవాడు రాట్నం ఎక్కడానికి ఇచ్చిన రూపాయి, ఏదో ఒక మేరకు, మరో ఇంటి ఆడపిల్ల చదువుకు చేరుతోందన్నమాట. వినోదం వృథా వ్యయమని భావించే పెద్దలు ఈ ఏర్పాటును ఒకసారి గమనించాలి.

2019 జనవరి 30 రాత్రి ఆ మైదానంలో అగ్నిప్రమాదం జరిగి ఎన్నో దుకాణాలు కాలిపోయాయి. దైవకృప వలన ప్రాణనష్టం జరగలేదు. కొద్దిరోజుల్లోనే ద్వారాలు తిరిగి తెరుచుకున్నాయి. కరోనా కారణంగా 2021లో నుమాయిష్ జరగలేదు. ఆ జనవరిలో నాంపల్లి మైదానం చీకటిగా ఉండిపోయింది. ఏటా వచ్చేదే కదా అని కొన్నేళ్ళుగా వెళ్ళడం మానుకున్నవారికి సైతం అప్పుడు ఏదో లోటు తెలిసింది. ద్వారం తెరిచి ఉన్నంతకాలం దాని విలువ గుర్తుకు రాదు.

సముద్రపు ఒడ్డున మూడు పార్కులు

మూతపడిన వినోదస్థలాల ప్రస్తావనలో ప్రపంచమంతా తలచుకునే పేరు అమెరికాలోని కోనీ ఐలాండ్. న్యూయార్క్ నగరపు అంచున, అట్లాంటిక్ తీరాన ఉన్న ఈ విహారస్థలంలో ఒకప్పుడు మూడు పెద్ద పార్కులు పక్కపక్కనే ఉండేవి. 1897లో స్టీపుల్‌చేజ్, 1903లో లూనా పార్కు, 1904లో డ్రీమ్‌ల్యాండ్ తెరుచుకున్నాయి. విద్యుద్దీపం ఇంకా సామాన్యుని ఇంటికి చేరని రోజులవి. లక్షల దీపాలతో వెలిగే ఆ గోపురాలను చూడటానికి కూలీలు, వలస వచ్చిన పేద కుటుంబాలు ఆదివారాలు తండోపతండాలుగా వచ్చేవారు.

డ్రీమ్‌ల్యాండ్ 1911 మే నెలలో ఒక్క రాత్రిలో బూడిదైంది. ఆ ఏడాది ప్రదర్శనలు మొదలు కావలసిన రోజు తెల్లవారుజామున, మరమ్మతులు జరుగుతున్న ఒక ఆటస్థలంలో నిప్పు అంటుకుంది. దానిని మళ్ళీ కట్టలేదు. లూనా పార్కు 1944లో అగ్నిప్రమాదం పాలై మూతపడింది. స్టీపుల్‌చేజ్ 1907లో కాలిపోయినా యజమాని జార్జ్ టిల్యూ వెనుదిరగలేదు. కాలిన శిథిలాలను చూడటానికే పది సెంట్ల రుసుము పెట్టి, మళ్ళీ కట్టించాడు. అతని మరణానంతరం కూడా కుటుంబం ఆ పార్కును నడిపింది. చివరకు 1964లో అది మూతపడింది. ఆ స్థలాన్ని కొన్న నిర్మాణ వ్యాపారి ఫ్రెడ్ ట్రంప్ అక్కడ నివాస భవనాలు కట్టాలనుకున్నాడు. 1966లో కూల్చివేత సందర్భంగా విందు ఏర్పాటు చేసి, పార్కు అద్దాల మండపంపై రాళ్ళు విసరమని అతిథులను ఆహ్వానించాడు. అతడు తలపెట్టిన భవనాలకు అనుమతి రాలేదు. పార్కు పోయింది, ఇళ్ళూ రాలేదు.

అగ్ని, భూమి ధర, టెలివిజన్, సొంత కారు — పార్కుల మూసివేతకు చరిత్రకారులు చెప్పే కారణాలు ఇవి. మన దేశంలోనూ వీటినే చూస్తున్నాం. ఖాళీ మైదానం విలువ పెరిగేకొద్దీ అక్కడ ఆడుకునే పిల్లల విలువ తగ్గిపోతుంది. ఊరి నడుమ ఉన్న స్థలంలో ఒక్క దుకాణం కట్టినా నెలకు ఎంత అద్దె వస్తుందో అందరూ లెక్క వేయగలరు. అక్కడ ఆడుకునే పిల్లల వల్ల ఊరికి వచ్చే లాభాన్ని లెక్క కట్టేవారు మాత్రం ఉండరు.

అయితే పోయినవన్నీ తిరిగి రానివి కావు. ఇంగ్లాండులోని మార్గేట్ అనే సముద్రతీర పట్టణంలో డ్రీమ్‌ల్యాండ్ పేరుతోనే మరో పార్కు ఉండేది. 2003లో అది మూతపడింది. 1920లో కట్టిన అక్కడి కొయ్య రైలుదారి 2008లో అగ్నికి కొంత ఆహుతైంది. ఊరివారు ఊరుకోలేదు. పార్కును కాపాడుకోవాలని ఉద్యమించారు. స్థానిక ప్రభుత్వం ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. 2015లో ద్వారాలు తిరిగి తెరుచుకున్నాయి. పోయినదాని కోసం నిట్టూర్చడంతో సరిపెట్టుకునే ఊరు వేరు, నలుగురు కూడి అర్జీ రాసే ఊరు వేరు.

ద్వారం వెలుపల నిలిచిన పిల్లలు

ఇంతవరకు మనం పార్కు లోపల ఆడుకున్నవారి జ్ఞాపకాలనే తలచుకున్నాం. ఇప్పుడు ద్వారం వెలుపల నిలబడినవారిని చూడాలి. “ఆ రోజులు ఎంత బాగుండేవి” అన్న మాట వినగానే “ఎవరికి?” అని అడగడం న్యాయం.

అమెరికాలో ఎన్నో పార్కులు దశాబ్దాల తరబడి నల్లజాతి కుటుంబాలకు ప్రవేశం నిరాకరించాయి. బాల్టిమోర్ నగరం దగ్గరి గ్విన్ ఓక్ పార్కు అలాంటిదే. ఆ నిషేధాన్ని వ్యతిరేకిస్తూ ఏళ్ళ తరబడి నిరసనలు సాగాయి. 1963 జులై తొలివారంలో అక్కడ మూడు వందల మందికి పైగా అరెస్టయ్యారు. వారిలో క్రైస్తవ, యూదు మతగురువులు కూడా ఉన్నారు. తమ పిల్లలకు లోపలికి ప్రవేశం ఉన్నప్పటికీ, పొరుగువారి పిల్లలకు లేదన్న కారణంగా జైలుకు వెళ్ళిన తెల్లవారు కూడా వారిలో ఉన్నారు. చివరకు 1963 ఆగస్టు 28న ద్వారాలు అందరికీ తెరుచుకున్నాయి. వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన చరిత్రాత్మక ప్రసంగం చేసిన రోజు కూడా అదే. ఇంకా ఏడాది నిండని షారన్ లాంగ్లీ అనే నల్లజాతి పసిబిడ్డను ఆమె తండ్రి ఆ రోజు అక్కడి రంగులరాట్నపు గుర్రంపై కూర్చోబెట్టాడు. 1972లో ఆగ్నెస్ తుఫాను తెచ్చిన వరద ఆ పార్కును ముంచివేసింది. మళ్ళీ అది తెరుచుకోలేదు. రంగులరాట్నం మాత్రం మిగిలింది. తర్వాత అది వాషింగ్టన్ నగరం నడిబొడ్డున ఉన్న నేషనల్ మాల్‌కు చేరి, అన్ని జాతుల పిల్లలనూ ఎక్కించుకుంది.

అదే 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ప్రసిద్ధ లేఖలో కింగ్ తన ఆరేళ్ళ కూతురి గురించి ప్రస్తావించాడు. టీవీలో ప్రకటన చూసి ఫన్‌టౌన్ అనే పార్కుకు తీసుకువెళ్ళమని ఆ చిన్నారి అడిగింది. నల్ల పిల్లలకు అక్కడ ప్రవేశం లేదని ఎలా చెప్పాలో ఆ తండ్రికి తెలియలేదు. వేలాదిమందిని తన మాటతో కదిలించిన మనిషి ఒక పసిపిల్ల ప్రశ్న ముందు తడబడ్డాడు. ఈ తడబాటు ఎలాంటిదో మన దేశంలోని తల్లిదండ్రులకు వివరించనక్కరలేదు. కులం పేరుతో, మతం పేరుతో తన బిడ్డను ఆటలోకి రానివ్వని రోజున ఏ తల్లి అయినా ఇలాగే తడబడుతుంది.

ఈ సందర్భంలో ఖుర్‌ఆన్‌లోని ఖలమ్ సూరా చెప్పిన తోట యజమానుల వృత్తాంతం గుర్తుకు వస్తుంది. తోట పండింది. తెల్లవారగానే వెళ్ళి పండ్లు కోసుకోవాలని వారు ఒట్టు వేసుకున్నారు. ‘దైవం తలిస్తే’ అన్న మాటను కూడా అనలేదు. పేదవాడెవడూ ఆ రోజు తోటలోకి రాకూడదని గుసగుసలాడుకుంటూ బయలుదేరారు. వారు నిద్రిస్తున్న వేళ ఆ తోటపై దైవం పంపిన ఆపద వచ్చిపడింది. ఉదయం వెళ్ళి చూసినవారికి దారి తప్పి వచ్చామేమో అనిపించింది. ఆ తర్వాత, కోల్పోయింది తామేనని తెలుసుకున్నారు. వారిలో వివేకి ఒకడు తన పూర్వపు హెచ్చరికను గుర్తు చేశాడు. అందరూ పశ్చాత్తాపపడి, ప్రభువు ఇంతకంటే మంచి తోటను ఇవ్వవచ్చునని ఆశపడ్డారు.

వరదకు, తుఫానుకు ఏ ఊరి పాపం కారణమో తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. ఆ పని దైవానిది. మేము గమనించేది ఇంతే. ఆ వృత్తాంతంలో తోట నిందకు గురికాలేదు, పండూ నిందకు గురికాలేదు. నిందకు గురైనది, పేదవాడు లోపలికి రాకూడదన్న గుసగుస. మనం ఏ స్థలాన్ని తలచుకొని బెంగపడుతున్నా, ఆ స్థలం ద్వారం దగ్గర ఆ గుసగుస వినిపించిందా లేదా అని చూసుకోవాలి.

మదీనాలో ఆట

వినోదమంటేనే ధర్మానికి దూరమని భావించే పెద్దలు మన సమాజంలో ఇప్పటికీ ఉన్నారు. వారి ఆందోళనలో నిజాయితీ ఉంది. జూదం, అశ్లీలం, మితిమీరిన ఖర్చు, నమాజు వేళను మరిపించే మత్తు — వీటికి హద్దు గీయవలసిందే. అయితే హద్దు గీయడం వేరు, ద్వారం మూయడం వేరు.

పండుగ రోజున మస్జిదె నబవీలో అబిసీనియా వాసులు బల్లేలతో విన్యాసాలు చేస్తున్నప్పుడు దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)ను తన వెనుక నిలబెట్టుకొని, ఆమెకు తనివి తీరేవరకు చూడనిచ్చారు. వయసులో చిన్నదైన అమ్మాయికి ఆటపై ఉండే మక్కువను మీరు అర్థం చేసుకోవాలని ఆమె తర్వాతి కాలంలో ప్రజలకు చెప్పేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. ఆడినవారు దూరదేశం నుంచి వచ్చిన నల్లవారు. ఆడిన చోటు మస్జిద్. అడ్డుకోబోయిన వారిని వారించినవారు స్వయానా దైవప్రవక్త (స). పదమూడు శతాబ్దాల తర్వాత ఒక సంపన్న దేశపు పార్కులు నల్ల పిల్లలను ద్వారం దగ్గరే ఆపివేశాయని గుర్తు చేసుకుంటే, మదీనాలోని ఆ పండుగ రోజు విలువ మరింత తెలుస్తుంది.

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్ని పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే, దైవప్రవక్త (స) ఆ పిట్ట పేరుతో ప్రాస కలిపి పలకరించి అతడి దుఃఖాన్ని పంచుకున్నారు. ఒక ఉమ్మత్ బాధ్యతను మోస్తున్న మహనీయునికి పసివాడి పిట్ట చిన్న విషయంగా తోచలేదు. పోయిన ఆటవస్తువు కోసం బెంగపడేవారిని తేలిక చేయకూడదనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేనాటికి అక్కడి ప్రజలు రెండు రోజులు ఆటపాటలతో గడిపేవారు. ఆ రెండింటికి బదులుగా అల్లాహ్ అంతకంటే శ్రేష్ఠమైన రెండు రోజులను, ఈదుల్ ఫిత్ర్‌ను, ఈదుల్ అజ్‌హాను ప్రసాదించాడని ఆయన తెలియజేశారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్రజల చేతిలోని సంతోషాన్ని తీసివేసి శూన్యాన్ని మిగల్చలేదు. ఒకటి పోయిన చోట మరింత మంచిదాన్ని ఉంచారు. పిల్లల చేతిలోంచి సెల్‌ఫోన్ లాక్కునే ప్రతి తండ్రీ ఈ పద్ధతిని గుర్తుంచుకోవాలి. లాక్కున్న చేతిలో ఏమి పెడుతున్నారు?

మన మైదానం

ఇక మా ప్రాంతానికి వద్దాం. పుష్య మాసపు అమావాస్య నాడు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. మెస్రం వంశీయులు కాలినడకన వెళ్ళి గోదావరి జలం తెచ్చి తమ ఆరాధన జరుపుకుంటారు. ఆ ఆరాధన వారిది. విశ్వాస విషయంలో మన గీత మనకు స్పష్టంగానే ఉంది. ఆ గీతను దాటకుండానే, ఆ ఆవరణకు వెలుపల పరుచుకునే అంగడిని గౌరవించవచ్చు. గాజులు, దుప్పట్లు, మిఠాయిలు, బొమ్మలు, రంగులరాట్నం — అక్కడ అమ్మేవారు, కొనేవారు అన్ని వర్గాలవారు.

అక్కడ జరిగే దర్బారుకు మా మండలంతో సంబంధం ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీమ్ నేలకొరిగిన తర్వాత, గిరిజనుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ జైనూర్ మండలంలోని మార్లవాయిలోనే నివసించారు. గోండు పిల్లలకు వారి భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ అక్కడే మొదలైంది. జాతరకు వేలమంది వస్తారు కనుక అధికారులే అక్కడికి వచ్చి ప్రజల మొర వినాలన్న దర్బారు పద్ధతికి మూలపురుషుడు ఆయనే. మనుషులు సంతోషంగా గుమిగూడిన చోటే వారి బాధలు కూడా వినాలన్నది ఎంత మంచి ఆలోచన! నేడు ఆ దంపతుల స్మారకాలు మార్లవాయిలోనే ఉన్నాయి.

2024 సెప్టెంబరు తొలివారంలో జైనూర్ చూసిన రోజులు పాఠకులకు తెలుసు. ఒక ఆదివాసీ మహిళపై జరిగిన దాడి ఆరోపణ, ఆ తర్వాత దుకాణాలకు పెట్టిన నిప్పు, నిషేధాజ్ఞలు, నిలిచిపోయిన ఇంటర్నెట్ — పత్రికలన్నీ రాశాయి. మేము చెప్పదలచినది ఒక్కటే. స్త్రీపై చేయి వేసినవాడు ఏ మతంవాడైనా చట్టం ముందు నిలబడాలి. ఆ విషయంలో బాధితురాలి పక్షాన నిలవడం ఇస్లాం మనపై పెట్టిన బాధ్యత. ఒకరి నేరానికి మరొకరి దుకాణం కాలడం ఏ న్యాయం ప్రకారమూ సరికాదు. పెద్దలు, న్యాయస్థానాలు తమ పని చేస్తాయి. కాని పిల్లల లెక్క వేరు. మూసిన షట్టర్లు, పోలీసు వాహనాలు, “ఆ వైపు వెళ్ళకు” అన్న హెచ్చరికలు చూసిన పిల్లవాడి మనసులో ఒక ద్వారం మూసుకుంటుంది. కాలిన దుకాణాన్ని ఏడాదిలో కట్టుకోవచ్చు. ఆ ద్వారం తెరవడానికి ఎంత కాలం పడుతుందో ఎవరు చెప్పగలరు?

అందుకే మూతపడిన పార్కులపై ఈ చర్చ మాకు కేవలం పాత ఫోటోల వ్యవహారంగా తోచలేదు. గోండులు, కోలాములు, ప్రధానులు, లంబాడాలు, ముస్లింలు, ఇతర హిందువులు కలిసి బతికే ఈ నేలపై పిల్లలందరూ ఒకే వరుసలో నిలబడే చోటు ఒకటి ఉండి తీరాలి. పెద్ద యంత్రాలు అక్కరలేదు, సముద్రమూ అక్కరలేదు. ఊరివారంతా తమదనుకునే ఒక మైదానం చాలు.

ఈ దిశగా ముస్లిం కుటుంబాలు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పండుగ నమాజు తర్వాత ఈద్‌గాహ్ దగ్గర రెండు ఉయ్యాలలు కట్టించి, పరుగుపందెం, తాడులాట వంటివి నిర్వహించి, పొరుగు వాడల పిల్లలను కూడా పిలవవచ్చు. ఇంటికి పిలిచి సేమ్యా పాయసం పెట్టే అలవాటు మనకు ఉండనే ఉంది. దానికి ఆటను జోడించడమే మిగిలింది. నుమాయిష్ తరహాలో ఆడపిల్లలకు, తల్లులకు ప్రత్యేక సమయం కేటాయించవచ్చు. ఆటకు వసూలు చేసిన నామమాత్రపు రుసుమును ఏ మతానికి చెందినదైనా ఒక పేద పిల్ల పుస్తకాలకు వెచ్చించవచ్చు. ఊరి నడుమ మిగిలిన ఖాళీ స్థలం దుకాణాల పాలు కాకముందే, దానిని పిల్లల కోసం ఉంచమని అన్ని వర్గాల పెద్దలూ కలిసి పంచాయతీకి అర్జీ ఇవ్వవచ్చు. ఆ కాగితం కింద మన సంతకం పక్కనే గోండు పటేల్ సంతకం, లంబాడా నాయక్ సంతకం ఉంటే, ఆట మొదలు కాకముందే సగం పని జరిగినట్లే.

పాత ఆల్బము తెరిచినప్పుడు పిల్లలకు ఆ పార్కు పేరు చెప్పండి. పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరి చేయి పట్టుకొని భయం పోగొట్టుకున్నారో కూడా చెప్పండి. ఆ చక్రం ఇనుము ఏనాడో తుక్కుకింద అమ్ముడుపోయి ఉంటుంది. మీ చేయి పట్టుకున్న ఆ మనిషి గుర్తున్నంతకాలం మీరు పోగొట్టుకున్నది తక్కువ. మీ పిల్లలకు అలాంటి చేయి ఒకటి పక్కింటినుంచి, పక్క వాడనుంచి, పక్క గూడెంనుంచి అందేలా చూడండి.

తోటను పోగొట్టుకున్నవారు పశ్చాత్తాపపడి, మరింత మంచి తోటను ఆశించారు. మా ఊరి విషయంలో మేమూ అదే ఆశిస్తున్నాం. అల్లాహ్ మన పిల్లల ఆటకు చోటును, ఆ చోటుకు మూయని ద్వారాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.